ఎడమ మోకాలు

స్ప్రింగ్‌ఫీల్డ్
28 మార్చి 1984

చెల్లి జోబెత్‌కు,

నీ ఉత్తరం అందింది. ఒక పేజీ ఉత్తరంలో అర పేజీ నీ జుట్టు గురించే రాశావు. మిగతా అర పేజీలోనైనా అడవి గురించి రాస్తావేమో అనుకుంటే స్కూలు బస్సులో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో రాశావు.

నా సంగతులు చెప్తాను. మాకు రచన పాఠాలు చెప్పే మిస్ ఆబర్న్‌కి "అడవి అందంగా ఉంది" అని రాసిస్తే, ఎర్ర సిరాతో "ఏ చెట్టు? ఏ పూట?" అని రాసి తిప్పి ఇస్తుంది. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు కనపడిన ప్రతిదానికీ సరైన మాట వెతుక్కోవడం అలవాటైపోయింది. నిన్న భోజనాల గదిలో గ్రేవీ మీద కట్టినదాన్ని ఏమంటారా అని ఆలోచించి, "తొరక" అనే మాట గుర్తొచ్చేసరికి గ్రేవీ కాస్తా గడ్డకట్టింది.

అసలు విషయం. టర్కీ కోళ్ళ వేట సీజన్ ఏప్రిల్ ఇరవై మూడు, సోమవారం మొదలవుతుంది. ఆ సోమ, మంగళవారాలు నాకు పరీక్షలు. పన్నెండో ఏట నుంచి వరసగా ఏడు వసంతాలు నాన్న పక్కన కూర్చున్నాను. ఈసారే తప్పిపోతోంది. అందుకని నాన్నకి చెప్పు: పికెట్ గట్టు మీది ముసలి పుంజుని, అదే మనం పాస్టర్‌గారని పిలిచేవాణ్ణి, మొదటి శనివారం దాకా నాకోసం అట్టే పెట్టమను. ఇంకా చెట్టెక్కి రోజూ ప్రసంగం చేస్తున్నాడా లేదా?

ఆదివారం ఫోన్ చేశాను. ఇక్కడ మేడంతటికీ ఒకటే ఫోన్, వెనక పదిమంది వరసలో ఉంటారు. నాన్న మళ్ళీ రాలేదు. చావట్లో పనిలో ఉన్నాడంది అమ్మ. నేను కాలేజీకి వచ్చానని నాన్నకి కోపమా? కనుక్కుని రాయి.

నీ అక్క
రోండా


కోల్డ్ బ్రాంచ్
4 ఏప్రిల్

అక్కకి,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడతావు.

ఈ ఏడు నాన్న నన్ను రమ్మన్నాడు. శనివారం నేను గిన్నెలు తోముతుంటే వచ్చి, తలుపు పక్క మేకుకి వేలాడే కూతపెట్టె, నువ్వు మూత రుద్ది పెట్ట కూత కూయించేదే, తీసి నా తడి చేతుల్లో పెట్టాడు. "సోమవారం నుంచి నాతో వస్తున్నావు, బూట్లకి కొవ్వు రాసుకో" అన్నాడు. అంతే. నేను వెనక్కి తిరిగి చూశాను, నువ్వు గానీ వచ్చావేమోనని. గదిలో నేనే ఉన్నాను.

అవును, నీ పెట్టే. నీకోసం నాన్న సెడార్ చెక్కతో చేసినదే. అడుగున నీ పేరు కాల్చి రాసి ఉంది. అరచెయ్యి అడ్డం పెట్టి పట్టుకుంటే కనపడదులే.

పాస్టర్‌గారు క్షేమం. ప్రసంగాలు సాగుతున్నాయి.

నాన్నకి కోపమేమీ లేదు. ఫోన్ సంగతి నన్నడక్కు.

జోబెత్


స్ప్రింగ్‌ఫీల్డ్
9 ఏప్రిల్

జోబెత్,

నువ్వా? తొమ్మిదో ఏట ఒక్కసారి మాతో వచ్చి, చెట్టు కింద కూర్చున్న పావుగంటకే వేరుశనగ అచ్చు కాగితం పరపరలాడిస్తూ విప్పి, "ఇంటికి ఎప్పుడు వెళ్తాం" అని గట్టిగా అడిగిన నువ్వా? ఒంటి మీద రెండు పిడుదులు కనపడితే సాయంత్రం దాకా ఏడ్చిన నువ్వా? పుంజు కూతకీ, చలికి స్టార్టవని ట్రాక్టరుకీ తేడా తెలుసా నీకు?

నిజం చెప్తున్నాను, కడుపు మండిపోతోంది. ఈ మంటకి సరైన మాట కోసం వెతికాను. "అసూయ" అంటే మరీ పుస్తకాల్లో మాటలా ఉంది. "కుళ్ళు" సరిగ్గా సరిపోయింది. లోపల ఏదో పాడైపోతున్న వాసన కూడా ఉంది అందులో.

పెట్టె మూతకి సుద్ద రుద్దు. నూనె రాయకు. తడిస్తే పనికిరాదు, రొట్టెల సంచిలో చుట్టి చొక్కా లోపల పెట్టుకో. ఇంతకంటే చెప్పను. నేర్పడానికి నీకు నాన్న ఉన్నాడుగా.

దీనితో పాటు నేను రాసిన వ్యాసం పంపుతున్నాను, "పెట్ట టర్కీ తొమ్మిది గొంతులు". తెల్లారుతూనే రెక్క కింద నుంచి గొణిగే గొంతు మొదలు, తప్పిపోయిన పిల్లని పిలిచే గొంతు దాకా, అన్నీ నాన్న నేర్పినవే. మిస్ ఆబర్న్ క్లాసులో నిలబడి చదివింది. ఎర్ర సిరా చుక్క కూడా పడలేదు. నాన్నకివ్వు. ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి.

రోండా


కోల్డ్ బ్రాంచ్
16 ఏప్రిల్

అక్కకి,

ఉన్నదున్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నా. నాన్న నీ వ్యాసం కిటికీ దగ్గర నిలబడి చదివాడు. చివరిదాకా వచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. తర్వాత నాలుగు మడతలు పెట్టి, జేబులో దోపుకుని, టోపీ పెట్టుకుని చావట్లోకి వెళ్ళిపోయాడు. ఏమీ అనలేదు. భోజనం దగ్గర కూడా.

సాయంత్రాలు గట్టు కిందికి వెళ్తున్నాం. పొద్దు వాలాక నాన్న గుడ్లగూబలా కూస్తే పాస్టర్‌గారికి ఒళ్ళు మండి, పడుకోబోయే చెట్టు మీద నుంచి తిరగబడి కూస్తాడు. ఆ చెట్టు గుర్తు పెట్టుకుని వచ్చేస్తాం. అదీ పుంజుని పడుకోబెట్టడం. నీకు తెలుసులే. నాకే కొత్త. చెట్టు ఎటుందో నేనే చెప్తున్నాను, తెలుసా? నాన్నకీ నాకూ మాట అక్కర్లేని గుర్తులున్నాయి. అవేమిటో చెప్పను.

వేరుశనగ అచ్చు సంగతి తీశావు కాబట్టి నాదీ విను. ఏడు వసంతాలు మీరిద్దరూ చీకటితో వెళ్ళి, బూట్ల నిండా బురదతో నవ్వుకుంటూ తిరిగొచ్చేవాళ్ళు. నేను పొయ్యి దగ్గర మీకోసం బిస్కట్లు వేడిగా ఉంచేదాన్ని. ఎందుకు నవ్వుతున్నారని అడిగితే, "నువ్వు అక్కడ ఉంటే తెలిసేదిలే" అనేదానివి. కుళ్ళు అనే మాట నువ్వు ఇప్పుడు నేర్చుకున్నావు. నాకు తొమ్మిదేళ్ళప్పుడే వచ్చు.

జోబెత్


స్ప్రింగ్‌ఫీల్డ్
20 ఏప్రిల్

జోబెత్,

ఏమీ అనలేదా? "బాగుంది" అని కూడా?

సరే, అర్థమైంది. ఆయన చూపించిన అడవిని కాగితం మీద పెట్టి పరాయివాళ్ళకి వినిపించానని నొచ్చుకున్నాడు. లేకపోతే నా మాటలు గొప్పలు పోతున్నాయనుకున్నాడు. నా స్థానంలో నిన్ను ఎందుకు పెట్టుకున్నాడో కూడా ఇప్పుడు తెలిసింది. నోరు తిరిగే కూతురి కంటే నోరు మెదపని కూతురు నయమని.

అయినా ఇరవై ఎనిమిది శనివారం వస్తాను. నువ్వు మానుకోనక్కర్లేదు. ముగ్గురం కూర్చుందాం. నాన్నకి ఎడమ పక్కన నేను.

రోండా


కోల్డ్ బ్రాంచ్
24 ఏప్రిల్

అక్కకి,

నిన్న సీజన్ మొదలైంది. పుంజు చెట్టు మీద నుంచి పదకొండుసార్లు కూసింది, లెక్కపెట్టాను. నేను కూతపెట్టె తీసి పిలిస్తే గట్టుకి అవతలి వైపు దిగి వెళ్ళిపోయింది. నా కూతలో ఏదో తేడా ఉంది. నాన్నని అడిగితే "అలవాటవుతుంది" అన్నాడు. ఏం తేడానో చెప్పలేదు.

శనివారం రాకు. పోట్లాటకి అనడం లేదు. ఓక్ చెట్టు బోదె వెడల్పుకి ఇద్దరే ఆనుకోగలరు. మూడోవాళ్ళ భుజం బయటికి కనపడుతుంది. అది నువ్వు నాకు చెప్పిన మాటే. శుక్రవారం సాయంత్రం పాస్టర్‌గారిని మేం పడుకోబెడతాం. ఒకరు పడుకోబెట్టిన పుంజు దగ్గరికి ఇంకొకరు వెళ్ళకూడదు. అది కూడా నువ్వు చెప్పినదే.

పరీక్షలు బాగా రాశావా? అమ్మ అడగమంది.

జోబెత్


స్ప్రింగ్‌ఫీల్డ్
29 ఏప్రిల్, ఆదివారం

జోబెత్,

నేను నిన్న వచ్చాను.

మన ఊరి మీదుగా వాళ్ళింటికి వెళ్తున్న క్లాసు అమ్మాయి తెల్లారకముందే నన్ను వంతెన దగ్గర దింపింది. ఊట పక్క నుంచి గట్టెక్కాను. పుంజుని మీరు పడుకోబెట్టారని తెలుసు. తెలిసే ఎక్కాను. తుపాకి లేదు, హాస్టల్లో ఎవరు ఉంచుకోనిస్తారు? నాకు పుంజు అక్కర్లేదు. నేను పిలిస్తే నా వైపు వస్తాడా, నువ్వు పిలిస్తే నీ వైపు వెళ్తాడా, అదొక్కటే తేల్చుకోవాలనుకున్నాను.

తేలింది. నీ చేతిలో నా పెట్టె నూనె లేని తలుపు బందులా కిర్రుమంది. నేను ఉత్త నోటితో మూడుసార్లు పిలిచాను. ఆఖరి పిలుపు పూర్తవకముందే పుంజు జవాబిచ్చి, దిగి, నా వైపు నడక మొదలుపెట్టింది. అప్పుడు పొద చాటు నుంచి మీరు కనపడ్డారు. ముప్పై ఐదు అడుగులు ఉంటుంది. నాన్న ఒళ్ళో తుపాకి ఉంది.

అలాంటప్పుడు ఏం చెయ్యాలో నాన్న నాకు మొదటి రోజే నేర్పాడు. చెయ్యి ఊపకూడదు, లేవకూడదు, కూతతో పలకకూడదు. మనిషి గొంతుతో గట్టిగా మాట్లాడాలి. మాట్లాడాను. "నాన్నా, నేను, రోండాని" అన్నాను. పుంజు పారిపోయింది. నాన్న కదిలాడు. నా వైపు కాదు. ఒళ్ళంతా ఎడమకి తిప్పి, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. మళ్ళీ అన్నాను. ఆ వీపు కదల్లేదు.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. పడుకోబెట్టిన పుంజు జోలికి వచ్చాను. తిట్టొచ్చు, ఇంటికి పొమ్మనొచ్చు. కానీ కూతురు పేరు చెప్పి పిలిస్తే వీపు చూపిస్తారా?

ఇక్కడి లైబ్రరీలో వేసవికి పని ఇస్తామన్నారు. ఒప్పుకోబోతున్నాను. జూన్‌లో రాను. నాన్నకి నువ్వే చెప్పు. నీ మాట వింటాడుగా.

రోండా


కోల్డ్ బ్రాంచ్
1 మే

అక్కా,

విననే వినడు. నా మాటా వినడు, నీ మాటా వినడు. నాన్నకి చెవులు పోయాయి.

చెప్పనని ఒట్టు వేశాను. ఆ ఒట్టు తప్పి రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళు సామిల్లులో రంపం పక్కన నిలబడ్డాడు కదా. అక్టోబరులో అమ్మ బలవంతం మీద డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. సన్నని చప్పుళ్ళన్నీ పోయాయట. ఆడవాళ్ళ గొంతులు, పిట్టలు, పెట్ట కూతలు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి పోల్చుకుంటాడు. అందుకే ఫోన్ దగ్గరికి రాడు. దగ్గరలో పుంజు కూస్తే గుండెల్లో దడలా తెలుస్తుందట. ఎటు నుంచో తెలీదు. అందుకని నేను మోకాలు నొక్కుతాను. పుంజు కుడి పక్క ఉంటే కుడి మోకాలు, ఎడమ పక్క ఉంటే ఎడమ మోకాలు. అవే మా గుర్తులు. నా కూతలో తేడా ఏమిటో చెప్పకపోవడానికి కారణం కూడా అదే. ఆయనకి నా కూత వినపడదు.

నిన్ను కాదని నన్నెందుకు తీసుకెళ్ళాడో నేనూ అడిగాను. "అడవిలో దానికి అన్నీ చెవితోనే నేర్పాను. దాని ముందు చెవిటివాణ్ణి కాలేను" అన్నాడు. నా ముందు అయితే ఫరవాలేదట. అది విన్నాక నాకు ఎలా ఉండి ఉంటుందో నువ్వే మంచి మాట వెతుకు.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికి రెండు రోజులు పట్టేట్టుంది గానీ, పోస్టు బండి పదింటికి వస్తుంది.

శనివారం నీ మొదటి కూతకే అది నువ్వేనని తెలిసింది. అంత బాగా పిలిచే పెట్ట ఈ కొండల్లో లేదు. పుంజు కుడి పక్కకి, నీ వైపు నడుస్తోంది. నేను కుడి మోకాలు నొక్కాలి. ఎడమది నొక్కాను. నువ్వు పేరు చెప్పి పిలిచినప్పుడు ఎడమదే ఇంకా గట్టిగా నొక్కాను. అందుకే తిరిగాడు. నాన్నకి పుంజూ కనపడలేదు, నువ్వూ కనపడలేదు. పుంజు ఏమైందని అడిగితే కొయోటీ నక్క బెదరగొట్టిందన్నాను.

నువ్వున్న వైపు తుపాకి తిరక్కూడదని అలా చేశానని మూడు రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అది అబద్ధం. పుంజు తల పూర్తిగా కనపడనిదే నాన్న గురి కూడా పెట్టడని నీకూ తెలుసు, నాకూ తెలుసు. నువ్వు కనపడితే ఆ రోజు నీదైపోతుంది. అందుకే నొక్కాను.

జోబెత్


స్ప్రింగ్‌ఫీల్డ్
3 మే

జోబెత్,

శుక్రవారం బస్సుకి వస్తున్నాను. శనివారం నాన్న పక్కన నువ్వే కూర్చో. నేను మీ వెనక నలభై అడుగుల దూరంలో కూర్చుని పిలుస్తాను. నాకు తెలిసిపోయిందని నాన్నకి తెలియనివ్వకు.

పోయిన వసంతంలో నేను చెయ్యి చాపి చూపించాకే "ఆఁ, విన్నా" అని తల ఊపేవాడు. పక్కనే కూర్చుని కనిపెట్టలేకపోయాను. పైగా ఆయన పోగొట్టుకున్న తొమ్మిది గొంతులూ పేర్లతో సహా కాగితం మీద పెట్టి పంపాను.

నీ మీద కోపం పోలేదు. ఆ ఎడమ మోకాలి సంగతి మరిచిపోవడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. కానీ నీ ఉత్తరం ఎంత పొడిగా, ఎంత సూటిగా ఉందో చూసి దానికీ కుళ్ళుకున్నాను. మిస్ ఆబర్న్ చదివినా ఒక్క మాట కూడా కొట్టెయ్యదు దాన్లో.

రోండా


స్ప్రింగ్‌ఫీల్డ్
7 మే

జోబెత్,

పాస్టర్‌గారు ఇరవై రెండు పౌన్లు తూగాడు! బస్సులో నా ముందు సీటు ముసలాయన పుంజు కాలి ముల్లు ఎంత పొడవుందని అడిగితే, పక్కావిడ చెయ్యి పట్టుకుని ఆవిడ బొటనవేలితో చూపించాను.

డాక్టరు పొరబడ్డాడే చెల్లీ. నాన్నకి వినపడుతోంది. తుపాకి పేలాక మీ దగ్గరికి పరిగెత్తుకొచ్చి, సంచి మరిచిపోయానని మళ్ళీ వెనక్కి వెళ్ళాను చూడు, తిరిగొచ్చేసరికి నాన్న లేచి నిలబడి ఏమన్నాడో నువ్వూ విన్నావు. "ఆ రెండో మెత్తటి పిలుపు ఉంది చూడు, అదీ వాణ్ణి లాక్కొచ్చింది. దాని తర్వాత అంతసేపు ఊరుకున్నావే, నేనైతే ఊరుకోలేకపోయేవాణ్ణి" అన్నాడు. వినపడకపోతే రెండో పిలుపని ఎలా తెలుస్తుంది? నీ గొంతు సన్నం, నీ గొంతు పోయి ఉండొచ్చు. నాది ఆయన చెవికి ఇంకా వెళ్తోంది. ఏడేళ్ళు పక్కన కూర్చున్న గొంతు కదా. కుళ్ళుకోకు.

కాబట్టి నా బెంగ తీరింది. శుక్రవారం లైబ్రరీవాళ్ళకి సరేనని చెప్పేస్తాను. పుస్తకాల మధ్య వేసవి! సెప్టెంబరులో ఎలాగూ ఉడతల వేటకి వస్తాను. నాన్నకీ నాకూ మధ్య ఏమీ మారలేదు, అదే చాలు నాకు.

ప్రేమతో
రోండా


కోల్డ్ బ్రాంచ్
9 మే

అక్కా,

నీ ఉత్తరానికి మొదట ఒక జవాబు రాశాను. "అవును, విన్నాడు, హాయిగా అక్కడే ఉండు" అని. కవరు కూడా అంటించాను. అది పోస్టు చేస్తే వేసవంతా నాన్న నాకే. సాయంత్రాలు చేపలకి, పొద్దున్నే బ్లాక్‌బెర్రీలకి, అన్నిటికీ నేనే. చించి పొయ్యిలో వేశాను.

వెనక నలభై అడుగుల నుంచి నీకు కనపడనిది చెప్తాను. నువ్వు పిలిచినంతసేపూ నాన్న ముఖంలో ఏమీ లేదు. నా చెయ్యి కుడి మోకాలి మీద ఉంది. ఈసారి సరైన మోకాలే. పాస్టర్‌గారు పురి విప్పుకుని, తల ఎర్రగా తెల్లగా నీలంగా మారుస్తూ, డాగ్‌వుడ్ పూల కింద నుంచి వచ్చాడు. నాన్న కంటికి కనపడ్డాకే ఆయన ఊపిరి మారింది. కాల్చాడు. నువ్వొచ్చావు, సంచి కోసం వెనక్కి వెళ్ళావు.

నువ్వు వెళ్ళగానే నా భుజం పట్టి తన వైపు తిప్పుకుని, "మీ అక్క ఎలా పిలిచింది?" అని అడిగాడు.

"బాగానే పిలిచింది" అని ఊరుకోవచ్చు. అదీ నిజమే. నోటి దాకా వచ్చింది. కానీ ఆయన కళ్ళు నా పెదాల మీదే ఉన్నాయి. అందుకని మొత్తం చెప్పాను. మొదటిసారి నిద్ర లేచిన పెట్ట విసుక్కున్నట్టు మూడు ముక్కలుగా పిలిచిందని. రెండోసారి మెత్తగా, పక్కన ఉన్నవాళ్ళకి చెప్పినట్టు పిలిచిందని. దానికే పుంజు మెడ సాగిందని. తర్వాత వెళ్ళి మొట్టికాయ వెయ్యాలనిపించేంతసేపు ఊరుకుందని. నాకు నీలా మాటలు రావు. చేతులు తిప్పుతూ, ముఖం పెడుతూ చెప్పాను. "ఊఁ, తర్వాత?" అని అడుగుతూనే ఉన్నాడు. నువ్వు పొదలు తప్పించుకుంటూ వచ్చేలోపు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

నీకు దక్కిన మెప్పు నాన్నదే. అందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు. కానీ అది నా నోటి మీదుగా వెళ్ళింది. నీకు తెలియాలి.

నీ గొంతు కూడా పోయింది అక్కా. ఇంకో ఏడాదికి పుంజు కూత కూడా పోవచ్చన్నాడట డాక్టరు.

లైబ్రరీవాళ్ళకి ఏం చెప్తావో నీ ఇష్టం. వస్తే మాత్రం నాన్నతో ఎలా మాట్లాడాలో నేను నేర్పుతాను. అరవకూడదు. వెలుతురు మన ముఖం మీద పడేలా నిలబడాలి. ఒక మాట తర్వాత ఒక మాట చెప్పాలి. నువ్వు ఒకే ఊపిరిలో పాతిక మాటలు అంటావు, వాటిలో ఇరవై మానుకోవాల్సి వస్తుంది. ఏవి మానుకోవాలో పక్కన నిలబడి నేను చెప్తాను.

జోబెత్